మీ రక్తం మీ బిడ్డకు ఇప్పుడు వద్దు

చీమకుర్తిలో ఎవరికో రక్తం కావాలన్న మాట బయటికొస్తే మనుషులకు కరువుండదు. క్వారీలో డ్యూటీ దిగి, బట్టల మీద గ్రానైట్ దుమ్ము దులుపుకోకుండానే బండెక్కి ఒంగోలు బయల్దేరే కుర్రాళ్లున్న ఊరిది. రోగి సొంత మనిషైతే ఇక చెప్పక్కర్లేదు. బాబాయిదీ అదే గ్రూపు, మేనమామదీ అదే గ్రూపు అని తేలిన మరుక్షణం ఇద్దరూ చొక్కా చెయ్యి పైకి మడుస్తారు. ఇంత మంచి గుణానికి అడ్డుపడే మాటతో ఈ అధ్యాయం మొదలుపెట్టాల్సి వస్తోంది.

మీ ఇంట్లో సికిల్ సెల్ ఉన్న బిడ్డ ఉండి, ఆ బిడ్డకు మూలకణ మార్పిడి, అంటే మనం బోన్‌మ్యారో (ఎముక మజ్జ) మార్పిడి అని పిలిచే చికిత్స, చేయించాలని అనుకుంటుంటే రక్తసంబంధీకులెవరూ ఆ బిడ్డకు రక్తం ఇవ్వకూడదు. తల్లి, తండ్రి, అన్న, చెల్లి, మేనమామ, పెదనాన్న కొడుకు, ఎవరైనా సరే. గ్రూపు కలిసినా వద్దు, రాత్రి పూట అవసరం పడినా వద్దు. మార్పిడి ఇంకా ఏడాది దూరంలో ఉన్నా ఈ నియమం ఈ రోజు నుంచే పాటించాలి.

కారణం తెలియకుండా పాటించే నియమం మొదటి అత్యవసరానికే జారిపోతుంది. కాబట్టి కారణం చెబుతాను.

మన ప్రతి కణం మీద పుట్టుకతో వచ్చిన గుర్తులుంటాయి. వాటిలో ముఖ్యమైనవి హెచ్‌ఎల్‌ఏ గుర్తులు. సగం తల్లి నుంచి, సగం తండ్రి నుంచి వస్తాయి. అందుకే తోడబుట్టినవాళ్లలో ఒకరి గుర్తులు మరొకరితో పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒక వంతు. సికిల్ సెల్ కూడా తల్లిదండ్రులిద్దరి దగ్గర్నుంచీ చెరొక జన్యువు అందితేనే వచ్చే జబ్బు కనుక, తోబుట్టువుకు ఆ జబ్బు లేకుండా ఉండే అవకాశం నాలుగింట మూడొంతులు. రెండూ కలిపి లెక్కేస్తే, గుర్తులు కలిసి జబ్బు లేని తోబుట్టువు దొరికేది 16లో 3 వంతులు మాత్రమే. ఆ తోబుట్టువుకు సికిల్ ట్రెయిట్, అంటే తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే ఆ జన్యువు వచ్చిన స్థితి, ఉన్నా ఫర్వాలేదు, దాతగా పనికొస్తారు. అలాంటి దాత మీ ఇంట్లో ఉన్నారంటే అది చాలా విలువైన విషయం. పూర్తిగా కలిసినవాళ్లు లేనప్పుడు సగం కలిసిన తండ్రినో తల్లినో దాతగా తీసుకునే పద్ధతీ ఉంది. అంటే ఎటు తిరిగినా రేపు మజ్జ ఇచ్చేది మీ ఇంటి మనిషే అయ్యే అవకాశం ఎక్కువ.

ఆ ఇంటి మనిషి రక్తమే ఈ రోజు బిడ్డకు ఎక్కిస్తే ఏమవుతుంది? ఆ రక్తంలోని పరాయి గుర్తుల్ని బిడ్డ శరీరం పట్టేస్తుంది, వాటి మీద ప్రతిరక్షకాలు తయారుచేసి పెట్టుకుంటుంది. హెచ్‌ఎల్‌ఏ పూర్తిగా కలిసిన తమ్ముడిలో కూడా కలవని చిన్న చిన్న గుర్తులు ఇంకా బోలెడుంటాయి. రేపు అవే గుర్తులతో మజ్జ లోపలికి వస్తే, శరీరం ముందే సిద్ధంగా ఉండి దాన్ని నిలవనివ్వదు. లక్షలు పోసి, నెలల తరబడి పరాయి ఊళ్లో ఉండి చేయించిన మార్పిడి, ఎప్పుడో ప్రేమతో ఇచ్చిన ఒక్క సీసా రక్తం వల్ల విఫలమయ్యే ప్రమాదం ఉంది. తల్లి విషయంలో ఇంకో చిక్కు. బిడ్డ కడుపులో ఉన్నప్పుడే తండ్రి వైపు గుర్తులకు వ్యతిరేకంగా ఆమె రక్తంలో ప్రతిరక్షకాలు తయారై ఉండొచ్చు.

రెండో ప్రమాదం అరుదైనది, కానీ దాదాపు ప్రాణాంతకం. ఎక్కించిన రక్తంలో దాత తెల్లకణాలు కొన్ని ఉంటాయి. పరాయివాళ్లవైతే మన శరీరం వాటిని గుర్తుపట్టి చంపేస్తుంది. దగ్గరి బంధువు కణాలు మనవాటిలాగే కనబడతాయి. అందుకే శరీరం వాటిని వదిలేస్తుంది. అవి లోపల బతికి, పెరిగి, ఆశ్రయమిచ్చిన ఒంటి మీదే దాడి చేస్తాయి. మేనరికాలున్న ఇళ్లలో ఈ పోలిక ఇంకా ఎక్కువ. ఆ పోలిక వల్ల ఒక్కోసారి తోబుట్టువులే కాక తల్లిదండ్రులో, మేనత్త పిల్లలో కూడా మజ్జకు కలుస్తారు. ఏ ఇళ్లలో మజ్జ దాత దొరికే అవకాశం ఎక్కువో ఆ ఇళ్లలోనే బంధువుల రక్తంతో ముప్పూ ఎక్కువ.

ఎలా చెప్పాలి

ఇది వైద్యం పుస్తకం కాదు కాబట్టి మనుషుల సంగతి కాసేపు మాట్లాడుకుందాం. ఎందుకంటే ఈ నియమం తెలిసిన ఇళ్లలో కూడా అది తప్పేది ఇక్కడే. "నా రక్తం పనికిరాదా?" అని మేనమామ ముఖం చిన్నబుచ్చుకుంటే నోరు విప్పలేని తల్లిదండ్రులే ఎక్కువ. పల్లెలో అయినవాళ్ల సాయం వద్దనడం అవమానంతో సమానం. కాబట్టి అవసరం రాకముందే, అందరూ ఉన్న రోజు చూసుకుని, కూర్చోబెట్టి చెప్పండి. మాటలు తోచకపోతే ఇలా అనండి.

"మావయ్యా, నీ రక్తం మంచిదే. వీడికి రేపు మజ్జ ఇచ్చేది మన ఇంటి మనిషే. ఇప్పుడు మన రక్తం వీడి ఒంట్లోకి పోతే, రేపు మన మజ్జను వీడి ఒళ్లు పట్టనివ్వదంట. అందుకని నువ్వు ఇచ్చే రక్తం బ్లడ్‌బ్యాంకులో వేరేవాళ్ల కోసం ఇవ్వు. వీడికి వేరేవాళ్లది ఎక్కిస్తారు. నీ స్నేహితుల్లో మనకు చుట్టరికం లేనివాళ్లని ఓ నలుగుర్ని తోడు తీసుకురా."

ఈ మాటల్లో ఆయనకు చేయడానికి పని ఉంది. ఖాళీ చేతులతో పంపిస్తే మనసు నొచ్చుకుంటుంది. పని అప్పగిస్తే బాధ్యతగా తీసుకుంటారు. ఎవరి పేర్లు రాయాలి, ఎవరికి ఫోన్ చేయాలి, ఎవరు ఏ రోజు వెళ్లాలి, ఇవన్నీ ఆయన చేతిలో పెట్టండి. మిగతావాళ్లకు నచ్చజెప్పే పెద్ద మనిషి కూడా ఆయనే అవుతాడు.

ఆ కూర్చున్నప్పుడే ఇంకో మాట కూడా తేల్చేయండి. "ఈ జబ్బు కోడలి పుట్టింటి నుంచి వచ్చింది" అనే మాట ఎవరి నోట వచ్చినా అక్కడికక్కడే ఆపండి. తల్లీ తండ్రీ ఇద్దరూ జన్యువు మోస్తేనే బిడ్డకు సికిల్ సెల్ వస్తుంది. నెలల తరబడి ఆసుపత్రిలో బిడ్డ పక్కన కూర్చోవాల్సిన తల్లి మీద ఆ నింద కూడా మోపడం అన్యాయం.

"మా వైపు ఈ జబ్బెక్కడిది?" అని అడిగేవాళ్లూ ఉంటారు. ప్రకాశం, గుంటూరు మైదానాల్లో ఇది తక్కువే. మన రాష్ట్రంలో ఎక్కువగా కనబడేది అల్లూరి సీతారామరాజు, పార్వతీపురం మన్యం జిల్లాల ఏజెన్సీలో, తెలంగాణలో ఆదిలాబాద్, భద్రాద్రి వైపు, పక్కన ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌లలో. మన దేశంలో దీన్ని మొదట గుర్తించింది 1952లో, నీలగిరి గిరిజనుల్లో. కానీ చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ క్వారీల్లో పనికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు, ఇక్కడే కాపురాలు పెట్టి పిల్లల్ని కంటారు. మనుషులు ఎక్కడికి పోతే జన్యువు అక్కడికి వస్తుంది. కేంద్రం 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని శహడోల్‌లో సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ల లోపు వాళ్లు 7 కోట్ల మందికి పరీక్ష చేయాలని లక్ష్యం పెట్టుకుంది. ఏజెన్సీలో ఉండి ఉంటే పరీక్ష ఇంటికొచ్చేది. వలస వచ్చిన కుటుంబం మాత్రం తానే అడిగి చేయించుకోవాలి. బిడ్డకు కీళ్ల నొప్పులు, పచ్చకామెర్లు, రక్తహీనత పదే పదే వస్తుంటే హెచ్‌పీఎల్‌సీ పరీక్ష అడగండి.

మార్పిడికి ముందు

సికిల్ రోగికి రక్తం ఎక్కించడం మామూలు రక్తహీనతకు ఎక్కించినట్టు కాదు. ఇక్కడ రక్తం పెంచడంతో పాటు ఉన్న చెడు కణాల వాటా తగ్గించాలి. కొడవలిలా వంగే హిమోగ్లోబిన్‌ను హెచ్‌బీఎస్ అంటారు. మార్పిడికి మందులు మొదలుపెట్టేలోగా దాని వాటాను సాధారణంగా 30 శాతం కంటే కిందికి తెస్తారు. ఊరికే సీసా మీద సీసా ఎక్కించి ఆ పని చేయలేం. పాత కణాలు లోపలే ఉండగా కొత్తవి పోస్తూ పోతే రక్తం చిక్కబడుతుంది. మిరప చేలో డ్రిప్పు గొట్టాలకు మందు చిక్కగా కలిపి వదిలితే చివరి మొక్కదాకా చుక్క అందదు కదా, సన్నటి రక్తనాళాల్లో జరిగేదీ అదే. పక్షవాతం రావచ్చు. అందుకని పాత రక్తం తీస్తూ కొత్తది ఎక్కించే ఎక్స్‌ఛేంజ్ పద్ధతి వాడతారు.

చూడటానికి బిడ్డకు భయం వేసే దృశ్యమిది. మంచం పక్కన చిన్న బీరువా అంత యంత్రం, రెండు గొట్టాలు. ఒక గొట్టంలో బిడ్డ రక్తం యంత్రంలోకి పోతుంది, అది గిర్రున తిరిగి ఎర్రకణాల్ని వేరు చేసి ఒక సంచిలోకి పంపుతుంది, మిగతా ద్రవంతో పాటు దాత ఎర్రకణాలు రెండో గొట్టంలో వెనక్కి వస్తాయి. గంట, రెండు గంటలు పడుతుంది. మధ్యలో పెదాల చుట్టూ తిమ్మిరిగా ఉందని బిడ్డ అంటే వెంటనే నర్సుకు చెప్పండి. రక్తం గడ్డకట్టకుండా కలిపే మందు కాల్షియాన్ని తగ్గించడం వల్ల అలా అవుతుంది, సరిచేయడం తేలిక. పెద్దవాళ్లకైతే ఒక్కసారికే ఆరేడు యూనిట్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కావాలి. ముందుగా చెబితేనే బ్లడ్‌బ్యాంకు అంత రక్తం వెతికి పెట్టగలదు.

ఏ రక్తమైనా పనికిరాదు. ఏ, బీ, ఓ గ్రూపులు, పాజిటివ్ నెగటివ్ కలిస్తే చాలని మనమనుకుంటాం. ఎర్రకణం మీద ఇంకా చాలా గుర్తులుంటాయి. వాటిలో కనీసం ఆర్‌హెచ్ కుటుంబంలోని పెద్ద సీ, చిన్న సీ, పెద్ద ఈ, చిన్న ఈ, దాంతో పాటు కెల్ అనే గుర్తు కలిసిన రక్తం సికిల్ రోగులకు ఇవ్వాలి. ఎందుకంటే జీవితంలో ఎన్నోసార్లు రక్తం ఎక్కించుకునే వీళ్లలో ప్రతిరక్షకాలు పుట్టే ముప్పు ఎక్కువ. ఈ గుర్తుల పరీక్షను జీవితంలో మొదటి సీసా ఎక్కకముందే చేయించాలి. ఒకసారి పరాయి రక్తం లోపలికి పోయాక ఎవరి కణాలు ఎవరివో మామూలు పరీక్షలో తేలదు, ఖర్చైన జన్యు పరీక్షకు పోవాలి. ఇంకో జాగ్రత్త: సికిల్ ట్రెయిట్ ఉన్నవాళ్ల రక్తం వీళ్లకు ఎక్కించకూడదు. ట్రెయిట్ ఉన్న మనిషి ఆరోగ్యంగానే ఉంటాడు, దానం చేయడానికీ వస్తాడు. కానీ ఆ రక్తం ఎక్కిస్తే హెచ్‌బీఎస్ లెక్క తప్పుతుంది. తెల్లకణాల్ని వడకట్టే ఫిల్టర్లో అది సరిగ్గా దిగకపోవచ్చు కూడా. ఒకే సమాజం నుంచి వలస వచ్చినవాళ్లు దాతలుగా వస్తుంటే ఈ పరీక్ష మరీ అవసరం.

ఇక నోట్‌బుక్ సంగతి. ఈ అధ్యాయంలో ఒక్క పని మాత్రమే చేయగలిగితే ఇది చేయండి. పిల్లలు వాడే 200 పేజీల నోట్‌బుక్ ఒకటి కొని, బిడ్డకు ఇప్పటిదాకా ఎక్కిన ప్రతి రక్తం సంగతి రాయండి. ఏ తేదీ, ఏ ఆసుపత్రి, ఏ బ్లడ్‌బ్యాంకు, సంచి మీద నంబరు, ఎక్కేముందు హిమోగ్లోబిన్ ఎంత, తర్వాత ఎంత, చలి జ్వరం దద్దురు ఏమైనా వచ్చాయా. ప్రతిరక్షకం ఏదైనా ఉందని ఎవరైనా చెప్పి ఉంటే దాని పేరు ఎర్ర పెన్నుతో మొదటి పేజీలో.

అంత పట్టుదల ఎందుకంటే, ఒకప్పుడు పుట్టిన ప్రతిరక్షకం కొన్నేళ్లకు పరీక్షకు అందనంతగా తగ్గిపోతుంది. కొత్త ఊళ్లో కొత్త ఆసుపత్రి పరీక్ష చేస్తే అంతా బాగుందనే వస్తుంది. బిడ్డ శరీరం మాత్రం ఆ గుర్తును మరిచిపోదు. అదే గుర్తున్న రక్తం మళ్లీ ఎక్కితే వారం, పది రోజుల్లో ఒక్కసారిగా విజృంభించి ఆ కణాల్ని పగలగొడుతుంది. జ్వరం, ఒళ్లంతా నొప్పులు, కళ్లు పచ్చబడటం, మూత్రం కోకాకోలా రంగులో రావడం దాని లక్షణాలు. ఇది మామూలు సికిల్ నొప్పిలాగే ఉంటుంది కాబట్టి అనుమానించేవాళ్లు తక్కువ. ఒక్కోసారి రక్తం ఎక్కించకముందు ఉన్నదానికంటే హిమోగ్లోబిన్ కిందికి పడిపోతుంది. అప్పుడు కంగారుపడి ఇంకో సీసా ఎక్కిస్తే పరిస్థితి మరింత చెడొచ్చు. రక్తం ఎక్కిన నాలుగు వారాల లోపు ఇలాంటిది కనబడితే "ఫలానా రోజు రక్తం ఎక్కించారు" అన్నది డాక్టరుకు మీరు చెప్పే మొదటి మాట కావాలి.

మార్పిడి రోజుల్లో

1984లో అమెరికాలోని మెంఫిస్‌లో, సెయింట్ జూడ్ ఆసుపత్రిలో, లుకేమియా వచ్చిన ఎనిమిదేళ్ల పాపకు ఆమె తమ్ముడి మజ్జ మార్చారు. చేసింది లుకేమియా కోసం. ఆ పాపకు సికిల్ సెల్ కూడా ఉంది. మార్పిడి తర్వాత అదీ పోయింది. ఈ జబ్బు మజ్జ మార్పిడితో నయమవుతుందని లోకానికి తెలిసింది అలాగే. ఆ తర్వాత సికిల్ కోసమే చేయడం మొదలుపెట్టిన తొలి రోజుల్లో, మిగతా రోగుల్లో అంతగా చూడని సమస్య ఎదురైంది. కొందరు పిల్లలకు ఫిట్స్ వచ్చాయి, మెదడులో రక్తస్రావమైంది. సికిల్ వల్ల మెదడు నాళాలు అప్పటికే దెబ్బతిని ఉండటం దానికి మూలం. ఆ అనుభవంతో 1990లలో పద్ధతులు మార్చారు. బీపీ కట్టుదిట్టంగా చూడటం, ఫిట్స్ రాకుండా ముందే మందులివ్వడం, ప్లేట్‌లెట్లు 50 వేల కంటే తగ్గనివ్వకపోవడం, హిమోగ్లోబిన్‌ను 9 నుంచి 11 మధ్యే ఉంచడం.

ఈ రెండు అంకెలూ గోడ మీద రాసుకోండి. పక్క గదిలో లుకేమియా బిడ్డకు 10 వేలకు పడితేగాని ప్లేట్‌లెట్లు ఎక్కించరు, మన బిడ్డకు 50 వేల దగ్గరే ఎక్కిస్తారు. ఎందుకింత తేడా అని సందేహపడొద్దు. అలాగే "రక్తం 11 ఉంది, ఇంకో సీసా పడితే బలం వస్తుంది కదా" అని పట్టుబట్టొద్దు. ఇక్కడ ఎక్కువైనా ప్రమాదమే.

అంటే ప్లేట్‌లెట్ల అవసరం మామూలు కంటే చాలా ఎక్కువ. మార్పిడి అయ్యాక కొత్త మజ్జ కుదురుకుని తన కణాలు తాను తయారుచేసుకునేదాకా, సుమారు రెండు నుంచి నాలుగు వారాలు, బిడ్డ దాతల మీదే బతుకుతుంది. ఎర్రకణాలు ఫ్రిజ్‌లో 42 రోజుల దాకా నిలవుంటాయి. ప్లేట్‌లెట్లకు ఫ్రిజ్ పనికిరాదు. 20 నుంచి 24 డిగ్రీల వేడిలో, మెల్లగా ఊగే పళ్లెం మీద పెడితే 5 రోజులుంటాయి, అంతే. ముందే తెచ్చి దాచుకునే వీలు లేదు. హైదరాబాద్‌లోనో వెల్లూరులోనో చెన్నైలోనో మార్పిడి జరుగుతుంటే ఒంగోలులో సేకరించి పంపుదామన్నా కుదరదు. దాతలే అక్కడికి వెళ్లాలి, లేదా అక్కడే ఉండాలి.

ఇక్కడే చీమకుర్తి కుర్రాళ్ల అవసరం. ఒక్క దాత నుంచి యంత్రంతో ప్లేట్‌లెట్లు మాత్రమే తీసి ఎర్రకణాలు తిరిగి ఎక్కించే పద్ధతి ఉంది, ఎస్‌డీపీ అంటారు. రెండు గంటలు పట్టొచ్చు. చివరికి దాతకు ఒక సంచి చూపిస్తారు. ఎర్రగా ఉండదు, లేత గడ్డి రంగులో ఉంటుంది, వెలుతురుకు పట్టుకుని ఊపితే లోపల పొగ తిరిగినట్టు మెరుస్తుంది. ప్లేట్‌లెట్లు బతికున్నాయనడానికి అదొక గుర్తు. మామూలు రక్తమైతే మగవాళ్లు 90 రోజులు, ఆడవాళ్లు 120 రోజులు ఆగి మళ్లీ ఇవ్వాలి. ప్లేట్‌లెట్లు 48 గంటల తర్వాత మళ్లీ ఇవ్వొచ్చు, వారానికి రెండుసార్లు మించకుండా. కాబట్టి చుట్టరికం లేని, చేతి నరాలు బాగా కనబడే నలుగురైదుగురు నమ్మకస్తులు ఆ వారాల్లో బిడ్డ ఉన్న ఊళ్లో ఉంటే కొండంత అండ. మూడు రోజుల ముందు నుంచి ఆస్పిరిన్ వేసుకోకూడదు, మందు జోలికి పోకూడదు, బాగా నీళ్లు తాగాలి.

తేదీ ఖరారయ్యేటప్పుడు మన క్యాలెండరు కూడా డాక్టరు ముందు పెట్టండి. జనవరి నుంచి మిరప కోతలు, ఊళ్లో మనిషి దొరకడు. ఏప్రిల్, మేలలో కాలేజీలకు సెలవులు, రక్తదాన శిబిరాలు తగ్గి బ్లడ్‌బ్యాంకులన్నీ వెలవెలబోతాయి. వైద్యపరంగా ఆగలేని పరిస్థితైతే తేదీ డాక్టరు చెప్పిందే. ఆగగలిగితే మాత్రం దాతలు దొరికే నెలలు చూసుకోవడం తెలివైన పని. ఎవరూ దొరకలేదని ఆసుపత్రి గేటు దగ్గర డబ్బుకు రక్తమిస్తామనేవాళ్లను పిలవొద్దు. సుప్రీంకోర్టు తీర్పుతో 1998 జనవరి 1 నుంచి ఆ వ్యాపారం దేశమంతటా నిషేధం. చట్టం సంగతి పక్కన పెట్టినా, డబ్బు కోసం వచ్చినవాడు తన జబ్బులు దాచిపెడతాడు.

సంచి మీద రెండు మాటలు

మార్పిడి మందులు మొదలైనప్పటి నుంచి బిడ్డకు ఎక్కే ప్రతి ఎర్రకణాల సంచి, ప్రతి ప్లేట్‌లెట్ల సంచి రెండు పనులు పూర్తిచేసుకుని రావాలి. ఒకటి తెల్లకణాలు వడకట్టడం, ల్యూకోడిప్లీటెడ్ అని రాసి ఉంటుంది. రెండోది రేడియేషన్ ఇవ్వడం, ఇర్రేడియేటెడ్ అని ఉంటుంది. రేడియేషన్ ఇవ్వడం వల్ల మిగిలిన తెల్లకణాలు పెరగలేవు, ఇందాక చెప్పిన లోపలి దాడి జరగదు. ఆ సంచి వల్ల బిడ్డకు రేడియేషన్ తగలదు, భయపడొద్దు. నర్సు సంచి తగిలించేముందు బిడ్డ పేరు, ఐపీ నంబరు, గ్రూపు, గడువు తేదీ, ఈ రెండు మాటలు మీరూ చదవండి. అడిగితే ఎవరూ తప్పు పట్టరు.

ఒక రోజు సంచి మీద గ్రూపు మారి కనబడొచ్చు. కంగారు పడకుండా అడగండి. బిడ్డది ఓ, మజ్జ దాతది ఏ అయితే, కొత్త మజ్జ కుదురుకున్నాక బిడ్డ గ్రూపు కూడా ఏ అవుతుంది. మధ్యకాలంలో ఎర్రకణాలు ఒక గ్రూపువి, ప్లేట్‌లెట్లు ఇంకో గ్రూపువి ఇస్తారు, దానికి ఆసుపత్రిలో పట్టిక ఉంటుంది. గ్రూపు కలవకపోవడం మార్పిడికి అడ్డంకి కాదు గాని, ఎర్రకణాలు తయారవడం ఆలస్యమై కొన్ని నెలలు రక్తం ఎక్కించాల్సి రావచ్చు. ఇక ఇంటికొచ్చాక పాత కార్డు చూసి గ్రూపు చెప్పే అలవాటు మానేయాలి.

ప్లేట్‌లెట్లు ఎన్ని ఎక్కించినా లెక్క పెరగకపోవడం ఇంకో చిక్కు. పాత రక్తాల వల్ల పుట్టిన హెచ్‌ఎల్‌ఏ ప్రతిరక్షకాలు దానికొక కారణం. అప్పుడు గుర్తులు కలిసిన దాతల్ని వెతుకుతారు. మజ్జ లోపలికి వెళ్లిపోయాక ఒక్కోసారి డాక్టర్లే ఇంట్లోవాళ్ల ప్లేట్‌లెట్లు అడగొచ్చు. వాళ్లు అడిగినప్పుడు మాత్రమే, రేడియేషన్ ఇచ్చాకే.

అసలు ముప్పు ఇంటికొచ్చాక పొంచి ఉంటుంది. అర్ధరాత్రి ముక్కు నుంచి రక్తం కారిందనో, నీరసంగా ఉందనో దగ్గర్లోని నర్సింగ్‌హోమ్‌కు పరుగెత్తుతారు. అక్కడి డ్యూటీ డాక్టరుకు మార్పిడి సంగతి తెలియదు. మామూలు రక్తం ఒకటి తెప్పించి ఎక్కించేస్తారు. రేడియేషన్ ఇచ్చే యంత్రం పెద్ద కేంద్రాల్లోనే ఉంటుంది. అందుకని డిశ్చార్జి రోజునే ఒక కార్డు రాయించుకుని లామినేట్ చేయించండి. మార్పిడి తేదీ, ఇప్పుడు ఏ కణాలు ఏ గ్రూపువి ఎక్కించాలి, ఏ ప్రతిరక్షకాలున్నాయి, ఇర్రేడియేటెడ్ ల్యూకోడిప్లీటెడ్ రక్తమే ఎక్కించాలన్న మాట, మార్పిడి వార్డు ఫోన్ నంబరు. ఒకటి బిడ్డ మెడలోనో జేబులోనో, ఒకటి మీ పర్సులో. ఎంతకాలం అన్నది మీ డాక్టరు చెబుతారు, ఆయన ఆపమనేదాకా ఆ కార్డు దాటొద్దు.

రక్తంతో పాటు ఇనుము కూడా లోపలికి పోతుంది, ఒక్కో యూనిట్‌లో 200 నుంచి 250 మిల్లీగ్రాములు. శరీరానికి దాన్ని బయటికి పంపే దారి లేదు. లివర్లో, గుండెలో పేరుకుంటుంది. ఫెరిటిన్ పరీక్ష చేయించుకుంటూ ఉండండి. జబ్బు నయమయ్యాక కొందరికి డాక్టర్లు వారాల తేడాతో కొంచెం కొంచెం రక్తం తీసి ఇనుము తగ్గిస్తారు. రక్తం కోసం అంత తిరిగిన ఇంట్లో అదే రక్తం తీయడం విడ్డూరంగా అనిపిస్తుంది, కానీ అది ఆరోగ్యం కుదుటపడ్డ గుర్తే.

డబ్బు గురించి క్లుప్తంగా. రాష్ట్రంలో సికిల్ సెల్ రోగులకు నెలకు 10 వేల రూపాయల పింఛను ఉంది, సచివాలయంలో అడగండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో సికిల్ సెల్ ఒక వైకల్యంగా ఉంది, సర్టిఫికెట్ తీసుకోండి. చికిత్సకు వెళ్లేటప్పుడు రైలు చార్జీలో సగం రాయితీ వస్తుంది, ఆసుపత్రి ఇచ్చే ఫారం కావాలి. మార్పిడి ఖర్చుకు ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రనీ, సోషల్ వర్కర్‌నీ మొదటి రోజే కలవండి, చివర్లో కలిస్తే ఏ పథకానికైనా ముందస్తు అనుమతి దొరకదు. హైదరాబాద్‌లో తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ 1998 నుంచి ఈ కుటుంబాల కోసమే పనిచేస్తోంది. దాని తలుపు తట్టడానికి ఎవరి సిఫార్సూ అక్కర్లేదు.

ఇక ఇది చదువుతున్న మేనమామలకు, బాబాయిలకు, క్వారీ స్నేహితులకు ఒక మాట. మీ వయసు 18 నుంచి 65 మధ్య ఉండి, బరువు 45 కిలోలు దాటి, హిమోగ్లోబిన్ 12.5 ఉంటే ఈ వారమే ఒంగోలు వెళ్లి ఏదైనా లైసెన్సున్న బ్లడ్‌బ్యాంకులో రక్తం ఇవ్వండి, ఎవరి పేరు మీదా కాకుండా ఇవ్వండి. మన బిడ్డకు ఎక్కేది ముక్కూ మొహం తెలియని మరొకరు అలా ఇచ్చిన రక్తమే. 90 రోజులు గడిచాక మళ్లీ వెళ్లండి.